విద్యార్థికి అవధానమే ధనం

దర్శనం ముగించుకొని మండపంలో కాసేపు కూర్చునే భక్తులు, అక్కడ ఒక వృద్ధ పండితుడు కనబడితే ఏదో ఒక సందేహం అడగడం మన సీమలో ఆచారం. నలభై సంవత్సరాల క్రితం ఆ సందేహాలు ముహూర్తాలను గురించి, వర్షాలను గురించి, వివాహ పొంతనలను గురించి ఉండేవి. నేడు తల్లిదండ్రులు అడిగే వాటిలో అగ్రస్థానం ఒక ప్రశ్నదే. "పిల్లవాడు చేతిలోని ఫోను వదలడం లేదు, చదువు సాగడం లేదు, ఏమి చేయాలి?" తాయెత్తు కట్టమనే వారున్నారు. సరస్వతీపూజ చేయించమనే వారున్నారు. కుర్రవానికి నాలుగు మాటలు గట్టిగా చెప్పమని కోరేవారూ ఉన్నారు. వారికి విడివిడిగా చెప్పిన మాటలనే ఈ నెల పాఠక మహాశయుల ముందు ఒక క్రమంలో ఉంచుతున్నాను.

ఒక అవ్వ అడిగిన ప్రశ్న

శివరాత్రికి కొన్ని దినాల ముందు, కర్నూలు జిల్లా కోసిగి ప్రాంతం నుండి ఒక అవ్వ తన మనుమనితో దర్శనానికి వచ్చింది. కోసిగి, కౌతాళం, ఆదోని, మంత్రాలయం మండలాల సంగతి తెలిసిన వారికి 'సుగ్గి' అనే మాట తెలుసు. వానకు ఎదురుచూసే ఆ పొలాలలో పని ముగియగానే కుటుంబాలు మూటాముల్లె కట్టుకొని పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపునకు, తెలంగాణ జిల్లాలకు తరలిపోతాయి. మళ్ళీ ఉగాది ప్రాంతానికే తిరుగుముఖం పడతాయి. బడి ఈడు పిల్లలలో కొందరు తల్లిదండ్రుల వెంట పోతారు, కొందరు ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టళ్ళలో చేరతారు, కొందరు అవ్వాతాతల వద్ద ఉండిపోతారు. పదవ తరగతి పరీక్షలు జరిగేది మార్చి నెల ప్రాంతంలో. అంటే బిడ్డకు అత్యంత అవసరమైన సమయంలోనే తల్లి మిరపతోటలో ఉంటుంది.

ఆ అవ్వ మనుమడు అట్టివాడే. ప్రీఫైనల్ పరీక్షలో గణితం తప్పాడు. "సామీ, వీనికొక తాయెత్తు కట్టు. రాత్రంతా ఆ సెల్లు ఇడ్సడు," అన్నది. నేను ఆలోచించకుండానే సలహా చెప్పాను. "అమ్మా, పరీక్షలు అయ్యేవరకు దానిని పెట్టెలో పెట్టి తాళం వేయండి," అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసి, "పెట్టెలో పెడితే వాళ్ళమ్మ గొంతు యాడ ఇనాల సామీ? రాత్రి ఎనిమిదికి ఆయమ్మ ఫోను చేస్తాది. అది ఇనకుంటే వీడు బువ్వ తినడు," అన్నది.

నాకు మాట తోచలేదు. నా సలహాలోని తొందరపాటు అప్పుడు తెలిసింది. ఆ ఇంట ఆ యంత్రం వ్యసనమూ అయినది, తల్లీబిడ్డల మధ్య నూలుపోగూ అయినది. తాళం వేస్తే రెండూ పోతాయి. కనుక ఫోను మంచిదా చెడ్డదా అనే తర్కం వలన ఉపయోగం లేదు. అది విద్యార్థి నుండి ఏమి తీసుకుంటున్నదో తెలుసుకొని, దానిని కాపాడడం ఎట్లాగో ఆలోచించాలి.

ఫోను ఇంటికి వచ్చిన విధం

దీనిని మన ఇళ్ళకు తెచ్చినవారు పిల్లలు కారు. 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి కారణంగా బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోను ద్వారానే అన్నారు. అప్పుచేసి ఫోన్లు కొన్న తల్లిదండ్రులను నేనెరుగుదును. 2020, 2021 సంవత్సరాలలో మన రాష్ట్రంలో పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు కూడ రద్దయినాయి. ఆలయ ద్వారాలు మూసి ఉన్న ఆ దినాలలో మనలో ఎందరమో స్వామి దర్శనం కూడ ఫోను తెరమీదనే చేసుకొన్నాము. ఆ మేలు మరువరాదు. బడులు తెరిచారు, పుస్తకాలు వచ్చాయి; ఫోను మాత్రం పిల్లల చేతులలోనే ఉండిపోయింది.

గ్రామీణ భారతంలో పిల్లల చదువులను పరిశీలించే 'అసర్' నివేదిక 2024 సంవత్సరపు లెక్కలు చూడండి. 14 నుండి 16 సంవత్సరాల వయసు పిల్లలలో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోను వాడడం తెలిసినవారే. అట్లా తెలిసినవారిలో అంతకు ముందు వారంలో చదువు కోసం దానిని వాడినవారు 57 శాతం. సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. చదువు పేరు చెప్పి వచ్చిన అతిథి ఇంట్లో ఎక్కువగా ఏ పని చేస్తున్నాడో ఈ రెండు సంఖ్యలే చెబుతున్నాయి.

మనస్సు అణువు

అవ్వ మాటకు నా వద్ద సమాధానం లేకపోయినా, ఆ పిల్లవానికి ఒక సంగతి చూపించాలని తోచింది. సాయంకాలపు హారతికి గంట మోగుతున్నది. "నాయనా, నీకు బాగా వచ్చిన పాఠం ఏదైనా గట్టిగా అప్పగించు. అప్పగిస్తూనే గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టు," అన్నాను. పాఠం నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయింది. లెక్క పదకొండు దగ్గర తప్పిపోయింది. మరునాడు ఉదయం హారతికి, "ఈసారి గంట మాత్రమే లెక్కపెట్టు," అన్నాను. సరిగా చెప్పాడు. "నిన్న ఎందుకు తప్పింది?" అని అడిగితే, "రెండింటి మీదా మనసు పెట్టేకి కాలేదు సామీ," అన్నాడు.

ఆ పిల్లవాడు చెప్పినది న్యాయశాస్త్ర సిద్ధాంతం. గౌతమ మహర్షి సంప్రదాయంలో మనస్సు అణుపరిమాణం కలది. కన్ను, చెవి, ముక్కు మొదలైన ఇంద్రియాలన్నీ ఒకేసారి తమ తమ విషయాలను తాకుతూ ఉన్నా, మనస్సు ఒక క్షణంలో ఒక ఇంద్రియంతోనే కూడుతుంది. అందువలన రెండు జ్ఞానాలు ఏకకాలంలో పుట్టవు. మరి మనం తింటూ మాట్లాడుతున్నాము, వింటూ నడుస్తున్నాము కదా అనే శంకకు నైయాయికులు చెప్పే దృష్టాంతం ఒకటి ఉన్నది. నూరు కలువరేకులను దొంతిగా పేర్చి సూదితో గుచ్చితే అన్నీ ఒక్కసారే తెగినట్లు కనబడతాయి. నిజానికి సూది ఒకదాని తరువాత ఒకదానినే ఛేదిస్తుంది. ఆ వేగం వలన క్రమం మనకు తెలియదు. మనస్సు పోకడ కూడ ఇట్టిదే.

ఫోను పక్కన పెట్టుకొని చదివే విద్యార్థి తాను రెండూ చేస్తున్నాననుకొంటాడు. సూది మాత్రం ఒక రేకు నుండి మరొక రేకునకు, మళ్ళీ వెనుకకు, మళ్ళీ ముందునకు తిరుగుతూనే ఉంటుంది. ప్రతి తిరుగుడులోనూ కొంత తెగిపోతుంది. చదివిన వాక్యం మళ్ళీ మొదటి నుండి చదవవలసి వస్తుంది. గంటసేపు కూర్చొని అరగంట చదువు కూడ చేయకుండా లేస్తాడు; కాని గంట చదివినంత అలసట మాత్రం ఉంటుంది. "కూర్చుంటాడు సామీ, కాని బుర్రకెక్కదు," అని తల్లులు చెప్పేది దీనినే.

అప్రస్తుత ప్రసంగి

మన తెలుగువారికి ఈ విషయం అర్థం కావడానికి దూరం పోనక్కరలేదు. అష్టావధానం చూసినవారందరికీ ఇది తెలిసినదే. అవధానం అనే మాటకు అర్థమే మనస్సు నిలపడం. కడప జిల్లా ప్రొద్దుటూరు ఈ విద్యకు పేరెన్నికగన్న ఊరు. 'రాణాప్రతాపసింహ చరిత్ర' రచించిన దుర్భాక రాజశేఖర శతావధాని గారు, 'శివభారతం' రచించిన గడియారం వేంకటశేషశాస్త్రి గారు అక్కడ జంటగా అవధానాలు చేసినవారు. వారి పేర్లు విననివారు మన సీమలో ఉండరాదు.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తారు, ఒకరు వర్ణన కోరతారు. అంశాలు సభను బట్టి కొంత మారుతుంటాయి. కాని వారిలో ఒకరికి ప్రత్యేకమైన పని ఉంటుంది. ఆయన పేరే అప్రస్తుత ప్రసంగి. అవధాని పద్యం మధ్యలో ఉండగా, "అయ్యా, నేడు మీ ఇంట వంకాయ కూరా, బెండకాయ కూరా?" వంటి ప్రశ్న వేసి మనస్సును చెదరగొట్టడమే ఆయన వంతు. సభ నవ్వుతుంది. అవధాని కూడ నవ్వి, చమత్కారంగా బదులిచ్చి, విడిచిన చోటి నుండి పద్యం అందుకొంటాడు. చివరకు పూరణలన్నిటినీ క్రమంగా అప్పగిస్తాడు. దానినే ధారణ అంటారు.

ఇక్కడ మూడు సంగతులు గమనించాలి. అవధాని ఆ శక్తిని ఏండ్ల తరబడి సాధనతో సంపాదించాడు. అప్రస్తుత ప్రసంగి ఒక్కడే, అదీ సభ జరిగే కొన్ని గంటలు మాత్రమే. పైగా ఆయన అవధాని మేలు కోరేవాడు. ఆయన విసిరే ప్రశ్న అవధాని ప్రతిభను వెలిగించడానికే.

నేడు మనం ఏమి చేశాము? ఏ సాధనా లేని పన్నెండేండ్ల పిల్లవాని చేతిలో నిద్రపోని అప్రస్తుత ప్రసంగిని పెట్టాము. ఆ ప్రసంగికి పిల్లవానికి ఏది ఇష్టమో తెలుసు. ఒక వీడియో ముగియగానే మరొకటి దానంతటదే వస్తుంది. పిల్లవాడు ఎంత ఎక్కువసేపు చూస్తే దానిని నడిపే వ్యాపారానికి అంత లాభం. అట్టి ప్రసంగి ఎదుట కూర్చొని ధారణ చేయమంటే మహావధానులకే కష్టం. కనుక చదువులో వెనుకబడిన పిల్లవానిని సోమరి అని తిట్టేముందు, అతనిని ఏ సభలో కూర్చోబెట్టామో ఆలోచించాలి.

నేటి పరిశోధనలు

ఈ మాట శాస్త్రాలు చదివిన ముసలివారి చాదస్తం అనుకొనే యువకులు ఉంటారు. వారి కోసం నాలుగు సంగతులు.

ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో 2023లో వెలువరించిన నివేదికలో, ఒకసారి చెదిరిన విద్యార్థి దృష్టి మళ్ళీ పాఠంపై పూర్తిగా నిలవడానికి 20 నిమిషాల వరకు పట్టవచ్చునని పేర్కొన్నారు. ఆ సంవత్సరం ఆగస్టులో మన రాష్ట్ర ప్రభుత్వం కూడ పాఠశాలలలో విద్యార్థులు ఫోన్లు తేరాదని ఆదేశించింది. తరగతి గదిలో ఉపాధ్యాయుల ఫోన్లకు కూడ కట్టుబాటు విధించింది.

ఇంగ్లండులో నాలుగు నగరాలలోని 91 పాఠశాలలను పరిశీలించి 2015లో ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఒక ఫలితం చెప్పారు. ఫోన్లు నిషేధించిన తరువాత పరీక్షా ఫలితాలు మెరుగుపడ్డాయి. బాగా చదివే పిల్లలలో పెద్ద మార్పు లేదు. చదువులో వెనుకబడిన పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. ఇది మన సీమవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి. ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లలకు, ట్యూషను పెట్టించుకోలేని పిల్లలకు బడిలో విన్న పాఠమే ఆధారం. ఆ కాస్త అవధానం కూడ పోతే వారికి మరొక దారి లేదు.

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 2017లో దాదాపు 800 మందిపై చేసిన ప్రయోగంలో, ఫోను మోగకపోయినా బల్లమీద ఉన్నవారికంటె, దానిని వేరే గదిలో ఉంచినవారు పరీక్షలో మెరుగుగా చేశారు. తరువాత ఇతరులు చేసిన ప్రయోగాలన్నీ ఇదే ఫలితం ఇవ్వలేదన్న మాట కూడ చెప్పడం ధర్మం. అయినా దానిని కంటికి దూరంగా ఉంచడం వలన నష్టమైతే లేదు.

నాలుగవది ముఖ్యమైనది. 2025లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు 30 పాఠశాలలలోని 1,227 మంది విద్యార్థులను పరిశీలించారు. బడిలో నిషేధం ఉన్నా లేకున్నా పిల్లల మానసిక స్వస్థతలో తేడా కనబడలేదు. రోజంతటిలో ఫోనుతో ఎక్కువసేపు గడిపే పిల్లలకు మాత్రం నిద్ర, చదువు, నడవడి అధ్వాన్నంగా ఉన్నాయి. అంటే బడిలో ఆపితే చాలదు, ఇంట్లో కూడ ఆపాలి. కట్టుబాటు ప్రభుత్వం నుండి వచ్చినా ఆచారం ఇంటి నుండే రావాలి.

ఇంట్లో ఆచరించవలసినవి

అవ్వకూ, మనుమనికీ ఆ ఉదయం నేను చెప్పినవి ఇవి. తాళం మాట వెనుకకు తీసుకొన్నాను.

మొదటిది స్థానం. మన ఇళ్ళలో గోడకు దీపపు గూడు ఉంటుంది. సంధ్యాదీపం పెట్టగానే ఇంట్లో ఉన్న ఫోను ఆ గూటి పక్కన చేరాలి. రెండు గంటల సేపు అక్కడే ఉండాలి. తల్లి ఫోను చేసే ఎనిమిది గంటలకు అవ్వ తీసి మనుమనికి ఇవ్వాలి. మాట ముగిసిన తరువాత అది మళ్ళీ గూటికే పోవాలి.

రెండవది సంకల్పం. ఏ పూజ అయినా దేశకాలాలు చెప్పి, ఏ ప్రయోజనం కోసం చేస్తున్నామో చెప్పి మొదలుపెడతాము. చదువు కోసం ఫోను చూడవలసి వస్తే, ముందుగా కాగితం మీద ప్రశ్న వ్రాసుకోవాలి. "ఈ లెక్క చేసే పద్ధతి కోసం పదినిమిషాలు చూస్తాను," అనుకోవాలి. సంకల్పం లేకుండా తెరిచిన ఫోను ఎక్కడికి తీసుకొనిపోతుందో ఎవరికీ తెలియదు.

మూడవది ఉద్వాసన. ఆవాహన చేసిన దేవతకు పూజాంతంలో ఉద్వాసన చెబుతాము. జవాబు దొరకగానే ఫోనుకు కూడ ఉద్వాసన చెప్పాలి. ఈ మాటకు ఆ పిల్లవాడు నవ్వాడు. నవ్విన మాట గుర్తుంటుంది.

నాలుగవది మననం. వినడం శ్రవణం, విన్నదానిని తనలో తాను తిరగవేసుకోవడం మననం, దానిలోనే నిలవడం నిదిధ్యాసనం. ఫోనులో పాఠం వినడం శ్రవణం మాత్రమే. ఎంత గొప్ప గురువు చెప్పిన వీడియో అయినా అంతటితో విద్య కాదు. దానిని మూసి, చూడకుండా కాగితం మీద లెక్క చేయగలిగినప్పుడే అది తనదవుతుంది. మా పాఠశాలలో గురువుగారు పాఠం ఒకసారి చెప్పేవారు; చింతన మాత్రం పదిసార్లు చేయించేవారు.

ఐదవది నిద్ర. ఫోను దిండు పక్కన ఉండరాదు. రాత్రి పోయిన నిద్రను మరునాడు ఏ గురువూ తిరిగి ఇవ్వలేడు.

పెద్దల వంతు

ఈ నియమాలు పిల్లలకు మాత్రమే అనుకొంటే ఫలించవు. ఇంటి యజమాని వరండాలో కూర్చొని ఫోను చూస్తూ, "ఒరేయ్, చదువుకో," అంటే ఆ మాటకు బలం ఉండదు. నేను కూడ దోషినే. ఒకనాడు రుద్రం పారాయణ చేస్తుండగా నా సంచిలో ఫోను మోగింది. తీయలేదు. కాని ఎవరై ఉంటారా అన్న ఆలోచన వచ్చింది. ఏ అనువాకంలో ఉన్నానో తప్పిపోయింది. అరవై ఏండ్ల అభ్యాసం ఒక్క మోతకు చెదిరితే, పసివారి సంగతి చెప్పనక్కరలేదు. ఆనాటి నుండి పారాయణ వేళ దానిని ఇంట్లోనే విడిచి వస్తున్నాను. దర్శనపు వరుసలో, అన్నప్రసాదం పంక్తిలో పిల్లలకు ఫోను ఇచ్చి కూర్చోబెట్టే తల్లులకు కూడ నా విన్నపం ఒకటే. శిల్పం చూపించండి, స్తంభాలు లెక్కపెట్టించండి, స్థలపురాణం చెప్పండి. అవధానానికి తొలిపాఠాలు అవే.

దాతలకు విన్నపం

కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి అగ్రనాయకులలో ఒకరు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర అక్కడ తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి తాళపత్ర గ్రంథాలను పరిష్కరింపజేశారు. ఆ స్థలంలో నేడున్న బ్రౌన్ గ్రంథాలయం జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుదలతో చందాలు పోగుచేసి నిలబెట్టినది. పదిమంది కూర్చొని చదివే చోటు ఏర్పరచడం మన సీమలో కొత్త ధర్మం కాదు.

ఫోను పక్కన పెట్టిన పిల్లవానికి మరొక చోటు చూపాలి కదా. ఒంటి గది ఇంట్లో, మసక దీపం కింద వాడు ఎక్కడ చదువుతాడు? ప్రతి గ్రామంలోనూ రామాలయమో, ఆంజనేయస్వామి గుడో ఉంటుంది. దాని మండపంలో నాలుగు దీపాలు, నాలుగు చాపలు, పాఠ్యపుస్తకాలు రెండేసి ప్రతులు, ఫోన్లు ఉంచడానికి ఒక చెక్క అర, రోజుకు రెండు గంటలు చూసుకొనే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. సుగ్గి నెలలలో, అంటే దీపావళి నుండి ఉగాది వరకు ఇది నడిచినా చాలు. అన్నదానం చేసే చేతులే ఈ విద్యాదానానికీ ముందుకు రావాలి. దీనికయ్యే ఖర్చు ఒక ఉత్సవంలో బాణసంచాకు అయ్యే ఖర్చు కంటె ఎక్కువ కాదు.

వేసవిలో ఆ అవ్వ మళ్ళీ వచ్చింది. ఈసారి సుగ్గి నుండి తిరిగివచ్చిన కొడుకు, కోడలు కూడ వెంట ఉన్నారు. పిల్లవాడు గణితంలో గట్టెక్కాడు. గొప్ప మార్కులేమీ కావు. గూటి నియమం కొన్ని దినాలు తప్పిందనీ, మళ్ళీ పట్టుకొన్నాననీ వాడే నిజం చెప్పాడు. ఇది తాయెత్తు మహిమ కాదు, నా మహిమ అంతకంటే కాదు, వాడి ప్రయత్నమే. వాళ్ళమ్మ మిరపకాయలు కోసి కందిన చేతులతో ప్రసాదం అందుకొంటూ, "ఎనిమిదికి నేను చేసినప్పుడు ఒక్క మోతకే ఎత్తేవాడు సామీ. ముందర అట్ల లేదు, ఏదో సూస్తా ఉండి తీసేవాడు కాదు," అన్నది.

ఆ మాట విన్న తరువాత నాకు తోచినది ఇంతే. ఫోను వాడి చేతిలో ఉన్నంతకాలం తల్లి గొంతు నూరు ధ్వనులలో ఒకటి. గూటిలో దీపం పక్కన చేరిన తరువాత అదొక్కటే ధ్వని. ఉంచవలసిన చోట ఉంచితే యంత్రం కూడ మన ధర్మానికి సహాయం చేస్తుంది. మన బిడ్డల మనస్సులకు నిలకడను, వారి విద్యకు వృద్ధిని స్వామివారు అనుగ్రహింతురు గాక.

శుభం భూయాత్.